అట్టముక్క మీద మిర్చి మార్కెట్

నేను పిల్లలతో జూదం ఆడిస్తున్నానని కాలేజీకి ఫిర్యాదు వచ్చింది.

అప్పుడు మహబూబాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతున్నాను. మా ప్రిన్సిపాల్ నెమ్మదైన మనిషి. ఎవరినైనా మందలించాల్సి వస్తే ముందు ఆయనకే ఇబ్బందిగా ఉంటుంది. ఆ రోజు మధ్యాహ్నం నన్ను తన గదికి పిలిపించి, కుర్చీ చూపించి, ఫ్యాను వేసి, అప్పుడు అడిగాడు.

"గిదేంది మేడం, క్లాసుల పాచికలు వేయిస్తున్నరంట?"

"అవును సార్. వేయిస్తున్న."

నేను కాదంటానని అనుకున్నట్టున్నాడు. లేచి ఫ్యాను ఇంకాస్త పెంచాడు.

"పేరెంట్ ఒకాయన వచ్చిపోయిండు. మిర్చి వ్యాపారం ఆయనది. బిడ్డను చదువుకోను తోలితె జూదం నేర్పుతున్నరని గరం గరం ఉన్నడు. ఆ పిల్ల ఇంటికి పొయ్యి 'బాపు, నేను ఇయ్యాల దివాలా తీసిన' అన్నదట. పొద్దున్నే దుకాణం తెరిచే మనిషి, గా మాట ఇంటె ఎట్లుంటది జెప్పుండ్రి?"

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆ అమ్మాయి ముందురోజు తన మిర్చి అంతా కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రేటు పెరుగుతుందని చూసి చూసి, నిజంగానే దివాలా తీసింది. అట్టముక్క మీద.

"పేరెంట్స్ మీటింగ్ పెడదాం సార్," అన్నాను. "ఆయనొక్కన్నే గాదు, అందరిని పిలువుండ్రి. ఏం ఆడిస్తున్ననో నేను చెప్పుడెందుకు, వాళ్లే ఆడి చూస్తరు."

ఆయన "మీరు ధైర్యంగనే ఉన్నరు," అన్నాడు. ధైర్యం కాదు. ఆట ఏం చేస్తుందో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

మా అవ్వది దేవరుప్పుల. సెలవులకు అక్కడికి పోతే మధ్యాహ్నాలు మా ఇద్దరికీ వామనగుంటలే పని. రెండు వరసల గుంటలున్న చెక్క పీట, దోసెడు చింతగింజలు. ఒక గుంటలోని గింజలు తీసి వరసగా ఒక్కొక్కటి పంచుతూ పోవాలి. చేతిలోవి అయిపోయాక ముందు గుంట ఖాళీగా ఉంటే, దాని అవతలి గుంటలో ఉన్నవన్నీ మనవి. ఒక ఆట ముగిశాక ఎవరి గింజలతో వాళ్లు తమ వైపు గుంటలు నింపుకోవాలి. నింపలేని గుంటలు ఆ తర్వాతి ఆటలో మూతపడినట్టే. అంటే ఒకసారి ఓడినవాడు రెండోసారి తక్కువ గుంటలతో మొదలుపెడతాడు, మూడోసారి ఇంకా తక్కువతో.

మనవరాలు కదా అని అవ్వ ఎన్నడూ చూసీచూడనట్టు ఆడలేదు. నా వైపు గుంటలు మూతపడుతుంటే ఏడుపు ముంచుకొచ్చి, "మల్ల మొదాటిసంది సమానంగ పెట్టుకుందాం అవ్వా," అన్నాను ఒకరోజు.

"అట్ల పెట్టుకుంటె మరి గింతసేపు ఆడిందెందుకే?" అంది అవ్వ.

చిన్నదాన్ని, మిగిలిన గుంటలతోనే మళ్లీ మొదలుపెట్టాను. తర్వాత ఎంఏలో పెద్దపెద్ద పుస్తకాలు చదివాను. వారసత్వపు ఆస్తి మీద పన్ను వేయాలా వద్దా అని రాసిన వాళ్లంతా అవ్వ ప్రశ్న దగ్గరే ఆగి, ఆవైపో ఈవైపో నిలబడ్డారని నాకనిపించింది. గెలిచింది నిలుపుకోలేకపోతే ఆడబుద్ధి కాదు. పోయింది ఎప్పటికీ తిరిగిరాదంటే కూడా ఆడబుద్ధి కాదు. ఈ రెంటి మధ్య ఎక్కడ గీత గీయాలన్నదే ఇన్నేళ్లుగా నేను చెప్పే పాఠం.

నేను బడిలో ఉండగానే బాపుకు జనగామ బస్ డిపోలో కండక్టర్ ఉద్యోగం వచ్చి, అక్కడ ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అక్కడ మా అన్న ఒక వ్యాపారం ఆట కొన్నాడు. దేశంలోని పట్నాలన్నీ గళ్లుగా ఉంటాయి. పాచిక వేసుకుంటూ పోయి పట్నాలు కొనుక్కోవాలి, మన పట్నంలో ఎవరైనా దిగితే వాళ్ల దగ్గర కిరాయి వసూలు చేయాలి. వేసవి సెలవుల్లో అన్న, నేను, పక్కింటి అక్కాచెల్లెళ్లిద్దరూ ఆడేవాళ్లం. వాళ్లది చర్చికి పోయే కుటుంబం కాబట్టి ఆదివారం పొద్దున ఆట ఉండేది కాదు. మిగతా రోజులన్నీ అదే లోకం.

ప్రతిసారీ ఒకటే జరిగేది. సగం ఆట అయ్యేసరికి ఎవరు గెలుస్తారో అందరికీ తెలిసిపోతుంది. అక్కడి నుంచి మాకు మిగిలేది అన్నకు కిరాయి కట్టడం ఒక్కటే. అన్నకు మాత్రం అసలు మజా అప్పుడే మొదలయ్యేది. ఒకరోజు పక్కింటి అక్క తన దగ్గర మిగిలిన కాగితపు నోట్లు అట్ట మీద పడేసి లేచింది.

"గెలిచినోడు ఒక్కడే కూసొని ఆడుకోని. మేం పోతున్నం."

మేమంతా లేచిపోయాం. అన్న కాసేపు ఒంటరిగా పట్నాలన్నిటి ముందు కూర్చున్నాడు. తర్వాత బయటికొచ్చి, ఒక్కొక్కరికి ఒక పట్నం ఊరికే ఇస్తాను రమ్మని బతిమాలాడు. వెళ్లాం. ఆ తర్వాత ఎప్పుడు ఆడినా వాడు తెలివిగా ఆడేవాడు. మేం లేచిపోయేంత కోపం రాకుండా, తనతో పోటీపడేంత బలం రాకుండా, సరిగ్గా అంత మాత్రమే ఇస్తూ పోయేవాడు. కాలేజీలో 'సంక్షేమ రాజ్యం' అన్న మాట మొదటిసారి చదివినప్పుడు నా కళ్ల ముందు ముందుగా కనిపించింది మా అన్న చేయి. దానికి తక్కిన అర్థాలు ఉన్నాయని నేర్చుకోవడానికి నాకు ఇంకొంత కాలం పట్టింది.

ఇక మహబూబాబాద్‌కు వస్తాను. ఇంటర్ పిల్లలకు ఆర్థిక వ్యవస్థల పాఠం ఒకటి ఉంటుంది. పెట్టుబడిదారీ, సామ్యవాద, మిశ్రమ అని మూడు రకాలు. ఒక్కోదానికి లక్షణాలు, ప్రయోజనాలు, లోపాలు. పరీక్షకు అవి వరసగా రాస్తే మార్కులు పడతాయి. నేను చేరిన కొత్తలో ఒకబ్బాయి లేచి, "ఉత్పత్తి సాధనాలపై ప్రైవేటు యాజమాన్యం," అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

"అంటే ఏంది?" అని అడిగాను.

"ఫస్టు పాయింటు మేడం," అన్నాడు.

ఆ వారమే బజారులో ఒక వ్యాపారం ఆట కొని క్లాసుకు తీసుకుపోయాను. అది రెండు రోజులు కూడా నడవలేదు. మా క్లాసులో చదువులో వెనకబడినట్టు కనిపించినా నోరు మాత్రం గట్టిగా ఉన్న ఒక తండా అమ్మాయి ఉండేది. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు మాట్లాడే పిల్ల. ఆమె పాచిక పక్కన పెట్టి, "మేడం, గీ ఊర్లు మేమెవ్వరం చూడలే. మన మానుకోటది చేసుకుందాం," అంది. మహబూబాబాద్‌ను అక్కడివాళ్లు మానుకోట అనే అంటారు.

ఫ్రిజ్‌ల దుకాణంలో పెద్ద అట్టపెట్టె అడిగి తెచ్చుకున్నారు. దాన్ని విప్పి, పరిచి, గళ్లు గీశారు. మిర్చి తోట, పత్తి చేను, బోరు, ఎరువుల దుకాణం, కూలి అడ్డా, మార్కెట్ యార్డు, కోల్డ్ స్టోరేజీ, దవాఖాన, బిడ్డ పెండ్లి. కొన్ని గళ్లలో దిగితే చీటీ తీయాలి. 'తామర పురుగు పడ్డది', 'కల్లంల ఉండంగ వానొచ్చింది' లాంటివి ఉంటాయి అందులో. నోట్ల బదులు సీసా మూతలు. ఏ చీటీలో ఏం రాయాలో నేను చెప్పలేదు. వాళ్ల ఇండ్లలో విన్నవే రాశారు.

మూడు బెంచీలకు మూడు రకాల నియమాలు పెట్టాను. మొదటి బెంచీలో ఎవరు ఏదైనా కొనుక్కోవచ్చు, కిరాయి వసూలు చేసుకోవచ్చు. రెండో బెంచీలో భూములన్నీ అందరివి, వచ్చిందంతా సమానంగా పంచుకోవాలి. మూడో బెంచీలో కొనుక్కోవచ్చు గానీ, మార్కెట్ యార్డు దాటిన ప్రతివాడూ కొన్ని మూతలు ఒక డబ్బాలో వేయాలి. దవాఖాన ఖర్చు, అంతా పోయినవాడు మళ్లీ లేవడానికి సాయం, ఆ డబ్బాలోంచే.

మొదటి బెంచీలో అరుపులు. ఒకడి మొహం వెలిగిపోతుంటే ముగ్గురి మొహాలు మాడిపోయేవి. రెండో బెంచీలో మొదట సంబరంగానే ఉంది. గంట సగం కాకముందే ఒకబ్బాయి గడ్డం కింద చేయి పెట్టుకుని అడిగాడు.

"మేడం, నేను పాచిక ఎయ్యకున్నా నా వాటా నాకొస్తదా?"

"వస్తది."

"అయితె వీన్నే ఎయ్యమనుండ్రి. నాకు నిద్రొస్తుంది."

ఆ పక్కవాడు ఊరుకుంటాడా? "నేనొక్కన్నే ఎందుకెయ్యాలె?" అని వాడూ చేతులు కట్టుకున్నాడు. కాసేపటికి అక్కడ పాచిక ఎవరు వేయాలో చెప్పడానికి ఒకడిని పెద్దగా పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ పెద్దగా ఉన్నవాడు పాచిక వేయడు, అందరికంటే ముందు వాటా తీసుకుంటాడు. అది వాళ్లకు వాళ్లే కనిపెట్టుకున్నారు, నేను ఒక్క ముక్క చెప్పలేదు.

మూడో బెంచీలో పాచిక కంటే నోరు ఎక్కువ ఆడింది. డబ్బాలో ఎన్ని మూతలు వేయాలి, ఎవరికి ఇవ్వాలి, నిన్న తీసుకున్నవాడు ఈ రోజు మళ్లీ తీసుకోవచ్చా అని వాదులాటే వాదులాట. గంట మోగినా ఆగలేదు. విసుగొచ్చి ఒకమ్మాయి, "మేడం, మేం ఆడుడు గాదు, కొట్లాడుడే అయితుంది," అంది. "అదే మిశ్రమ ఆర్థిక వ్యవస్థ," అన్నాను. ఆ ఏడు చివర పరీక్షలో ఆ ప్రశ్నకు జవాబు తప్పు రాసినవాళ్లు ఒక్కరూ లేరు.

ఇదీ ఫిర్యాదుకు ముందు జరిగిన కథ.

మీటింగు పెట్టింది మిర్చి ఏరే రోజుల్లో. ఎక్కువమంది రాలేదు. ఫిర్యాదు చేసిన వ్యాపారి మాత్రం అందరికంటే ముందు వచ్చి, ఇస్త్రీ చొక్కాతో మొదటి బెంచీలో కూర్చున్నాడు. కూతురు వెనక నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది. మా తండా అమ్మాయి వాళ్లమ్మ కూలి వదులుకుని వచ్చింది. వచ్చీ రాగానే నన్ను అడిగింది. "జల్ది అయితదా మేడం? పొద్దుమీకితె మా దిక్కు ఆటో దొరకది."

నేను ఉపన్యాసం ఇవ్వలేదు. అట్ట పరిచి, మొదటి బెంచీ నియమాలు నాలుగు మాటల్లో చెప్పి, నలుగురిని కూర్చోమన్నాను. వ్యాపారి, ఆ తండా తల్లి, పక్క కాలనీలో టీచరుగా పనిచేసే ఒక తండ్రి, మనవడి కోసం వచ్చిన ఒక ముసలాయన. ఎవరు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చీటీలు తీయించాను. టీచరుకు వ్యాపారం వచ్చింది. ముసలాయనకు రెండెకరాల చెలక, అంటే వాన మీదే ఆధారపడే భూమి. తండా తల్లికి తోట, బోరు, ట్రాక్టరు ఉన్న పెద్ద ఆసామి చీటీ వచ్చింది. వ్యాపారికి కూలి.

గదంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. "ఏంగాదు. కిందికెళ్లి పైకి ఎట్ల రావాలో నాకెరుకే," అన్నాడు చొక్కా చేతులు మడుచుకుంటూ.

పాచిక మంచిగానే పడింది ఆయనకు. కానీ కూలి చీటీలో ఉన్నవాడు పైకి రావాలంటే భూమి కొనాలి. భూమి కొనాలంటే మూతలు కూడబెట్టాలి. కూడబెట్టేలోగా దవాఖాన గడి వస్తుంది. ఆయన రెండోచుట్టులోనే అందులో దిగాడు. చేతిలో ఉన్నవన్నీ పోయాయి. ఆయన కాస్త ఇబ్బందిగా ఆ తల్లి వైపు తిరిగాడు.

"అక్కా, జర అడ్వాన్స్ ఇయ్యరాదు. మల్ల పని జేసి తీర్చుకుంట."

ఆమె వెంటనే ఇవ్వలేదు. తన ముందున్న మూతల కుప్పను ఒకసారి సర్దుకుంది. "ఇస్త. గానీ మిర్చి ఏరేటప్పుడు మందికన్న తక్కువకు ఏరాలె. ఒప్పుకుంటె తీస్కో."

పిల్లలు బల్లలు చరిచారు. ఆమె కూతురు సిగ్గుతో ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని "యాడీ!" అని అరిచింది. వాళ్ల భాషలో అమ్మ అని. తల్లి అదే భాషలో ఏదో కసిరింది.

"ఏమంటుంది?" అని అడిగాను.

"'నువ్వు ఊకో, నన్ను ఆడనియ్యి' అంటుంది మేడం."

ఆమె ఆడింది. అంత శ్రద్ధగా ఆడినవాళ్లను నేను మళ్లీ చూడలేదు. ముసలాయన రెండెకరాలు ఎండిపోయి నీళ్లడిగితే, పంటలో సగమిస్తేనే బోరు వదులుతానంది. అన్నట్టే సగం తీసుకుంది కూడా. కిరాయి ఒక్క మూత కూడా తగ్గించలేదు. వ్యాపారి మాత్రం ఎంత తిరిగినా మొదలుపెట్టిన చోటికే వచ్చి పడుతున్నాడు. చివరికి పాచిక చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

"గిది అన్యాలం మేడం. మనిషి ఎంత తిప్పలవడ్డా పైకొచ్చే తొవ్వే లేదు ఇండ్ల. మొదాల్నే అందరికి ఇంత భూమి ఇయ్యాలె."

"బాపు, గట్లయితె గది రెండో బెంచి ఆట," అంది వెనక నుంచి ఆయన కూతురు. "గండ్ల అందరికి నిద్రొస్తది."

"అయితె గది వద్దు," అన్నాడాయన, ఏమాత్రం ఆలోచించకుండా. కూతురు మూడో బెంచీ డబ్బా సంగతి చెప్పింది. ఆయన పట్టుకున్నాడు. "ఆఁ, గదీ. యార్డుకాడికి వచ్చినప్పుడల్లా అందరు డబ్బాల ఇంత ఎయ్యాలె. బిమారొస్తె అండ్లకెళ్లే ఇయ్యాలె."

ముసలాయన, టీచరు తలలూపారు. తండా తల్లి ఊపలేదు.

"నేనెందుకియ్యాలె?" అంది. "నా తోట, నా బోరు."

ఆ మాట ఆమె ఆటగా అనలేదు. గొంతులో నిజమైన కోపం ఉంది. కూతురు తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది.

వ్యాపారి పాచిక కింద పెట్టాడు. "అయితె నేనాడ," అని లేచి నిలబడ్డాడు.

అప్పటికి ఆమె తోట కోతకొచ్చి ఉంది. చుట్టు తిరిగేలోగా ఏరకపోతే కాయ తాలు అయిపోతుంది, అంటే రంగుపోయి తెల్లబడి ధర రాదు. ఏరాల్సిన కూలి అట్ట మీద ఒక్కడే ఉన్నాడు, వాడు లేచిపోతున్నాడు. ఆమె తోట గడిని చూసింది, ఆయన్ని చూసింది. ఈ లెక్క ఆమెకు ఎవరూ విప్పిచెప్పాల్సిన పని లేదు.

"కూసో అన్నా," అంది. "ఏస్త డబ్బాల. గానీ ఒక్క నీ బిమారికే గాదు. నా బోరు ఎండిపోతె గూడ అండ్లకెళ్లే ఇయ్యాలె."

"నీకెందుకక్కా, నీకు గంత ఉండంగ?"

"ఏసేటిదాంట్ల ఎక్కువ నేనే ఏస్తున్న గదా?"

బేరం తెగడానికి చాలాసేపు పట్టింది. చివరికి బోరుకు సాయం ఒప్పుకున్నారు, కాకపోతే దవాఖాన ఖర్చు ముందు తీర్చాకే. ఆ తర్వాత ఆట మెల్లగా సాగింది. ఎవరూ దివాలా తీయలేదు. తండా తల్లే గెలిచింది, అయితే మొదట్లో కనిపించినంత గొప్పగా కాదు. వ్యాపారి చివరికి అరెకరం కొన్నాడు. దాన్ని చూసుకుని ఆయన పడ్డ సంతోషం, తన గోదాము తలుపులు తెరిచేటప్పుడు కూడా పడి ఉండడు.

మీటింగు అయ్యాక ఆయన ఆమెనడిగాడు. "గంత గట్టిగ ఎట్ల బేరం జేసినవక్కా?"

"నన్ను ఆసామి కుర్చీల కూసోవెట్టిండ్రు," అందామె నవ్వుతూ. "గండ్ల కూసోని కూలోళ్ల లెక్క ఎట్లాడుత?" తర్వాత నా వైపు తిరిగి, "మస్తు మజా వచ్చింది మేడం," అంది.

ఆమెను ఆటో ఎక్కించడానికి గేటు దాకా నేనూ నడిచాను. నవ్వు అప్పటికి తగ్గింది. కొంగు నడుముకు దోపుకుంటూ, "మేం ఏరవోయే ఆసామి గూడ మంచోడే మేడం," అంది. "పిల్లలు ఎట్ల సదువుతున్నరని అడుగుతడు. పైసల కాడనే జర..." అని ఆగి, ఆటో రాగానే ఎక్కి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. కష్టం తెలిసినవాళ్లకు అధికారం ఇస్తే కరుణతో ఉంటారని మనం కథల్లో చదువుతాం. ఆమె కష్టం తెలిసిన మనిషి. కూలివాడి మీద ఆమెకు ద్వేషమేమీ లేదు. కానీ ఆ కుర్చీలో కూర్చుంటే గట్టిగా ఉన్నవాళ్లే నిలుస్తారని అట్ట చెబుతోంది, ఆమె విన్నది. డబ్బా పెట్టగానే ఆమె మనసు మారలేదు, లెక్క మారింది. అందుకే అప్పటి నుంచి ప్రతి బ్యాచికీ ఒక మాట గట్టిగా చెబుతాను. ఆర్థిక వ్యవస్థ అంటే మంచివాళ్లెవరు, చెడ్డవాళ్లెవరు అని తేల్చే పరీక్ష కాదు. ఏ పనికి లాభం దొరుకుతుందో, ఎవరు లేచిపోతే ఆట ఆగిపోతుందో చూడండి. మనుషులు ఎందుకలా ఉన్నారో తెలుస్తుంది. ఆ మాట చెప్పడానికి నాకు ఇప్పుడు ఏ సంకోచమూ లేదు. కళ్లతో చూశాను కాబట్టి.

వ్యాపారి మారిపోయి గొప్ప త్యాగి ఏమీ కాలేదు. ప్రిన్సిపాల్‌తో మాత్రం, "జూదం గాదు సార్, నడవనియ్యుండ్రి. గానీ దివాలా అన్న మాట తీసేయమనుండ్రి, ఇంట్ల మంచిగుండది," అన్నాడట. పిల్లలు ఆ మాట బదులు 'ఖాళీ సంచి' అని రాశారు. ఆ తర్వాత వారం ఆయన కూతురితో ఒక కబురు పంపాడు. యార్డులో రేటు పాచిక వేసి తేల్చడం తప్పట. ఆ చుట్టులో ఎన్ని బస్తాలొస్తే రేటు అంత పడిపోవాలట. ఆ ఒక్క మార్పుతో ఆట ఎంత బాగుపడిందో చెప్పలేను. అందరూ ఒకేసారి అమ్మబోయి అందరూ నష్టపోయాక, మొదటి బెంచీ పిల్లలు తమంతట తామే కూడబలుక్కుని వంతులవారీగా అమ్మడం మొదలుపెట్టారు. సహకార సంఘం పాఠం ఆ ఏడు నేను విడిగా చెప్పాల్సిన అవసరం రాలేదు.

కొన్నేళ్లకు నాకు భూపాలపల్లి బదిలీ అయింది. మిర్చి అట్టను చుట్టి బస్సులో వెంట తెచ్చుకున్నాను. ఇక్కడి క్లాసుల్లో సగం మంది బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, సగం మంది రేగొండ వైపు నుంచి వచ్చే వ్యవసాయ కుటుంబాల పిల్లలు. అట్ట పరిచిన మొదటి రోజే గని పిల్లలు పెదవి విరిచారు. "మాది బొగ్గు మేడం. మిర్చి గాదు."

"అయితె మీది మీరే గీసుకోండ్రి," అన్నాను.

గీసుకున్నారు. గని గళ్లలో నిజంగానే బొగ్గు ముక్కలు పెట్టారు. గనిలో దిగిన ప్రతిసారీ కొన్ని తీసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, ఉండడానికి క్వార్టరు కొనుక్కోవచ్చు. మిర్చి ఆటకూ దీనికీ ఉన్న తేడా వాళ్లకు మొదట్లో పట్టలేదు. తోట కోసినా మళ్లీ కాస్తుంది. తవ్విన బొగ్గు మళ్లీ రాదు. ముందుగా ఆడిన 'ఏ' సెక్షన్ పిల్లలు పోటీపడి తవ్వారు, ఎందుకంటే నువ్వు తవ్వకపోతే పక్కవాడు తవ్వుతాడు. గంట అయ్యేసరికి గనులన్నీ ఖాళీ, ఆటగాళ్లందరూ బాగుపడ్డారు. మొదటిసారి ఒక ఆటలో అందరూ గెలిచారని చప్పట్లు కొట్టుకున్నారు.

అదే అట్టను, ఉన్నది ఉన్నట్టుగా, తర్వాతి గంటలో బీ సెక్షన్‌కు తీసుకెళ్లి పరిచాను. ఆడమన్నాను.

వాళ్లు ఖాళీ గళ్లు చూసి ముందు నా వైపు, తర్వాత ఒకరివైపు ఒకరు చూసుకున్నారు. ఇంటర్వెల్‌లో గుంపుగా వెళ్లి 'ఏ' సెక్షన్ తలుపు దగ్గర నిలబడ్డారు. అందరికంటే ముందు రేగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒక పొడుగాటి అమ్మాయి.

"మీరంత తవ్వుకున్నంక మేమేం ఆడాలె?"

"మీరొస్తరని మాకెవ్వలు జెప్పిండ్రు?" అన్నారు లోపలివాళ్లు.

"చెప్తెనే పెడుతరా? బడిల రెండో సెక్షన్ ఉన్నదని ఎరుక లేదా మీకు?"

"మా నాయిన పని జేసే గని మాది. మీకు చెలకలున్నయి గదా, పోండ్రి."

"గనులు పడక ముందు గవ్వి ఎవ్వల చెలకలు?"

మాట పెరుగుతోందని నేను మధ్యలోకి వెళ్లాను. రెండు సెక్షన్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, నియమం మీరే రాయండని సుద్దముక్క వాళ్ల చేతికిచ్చాను. ఆ వాదన మూడు పీరియడ్లు నడిచింది. మొత్తం బొగ్గులో సగం ఉంచాలని బీ వాళ్లు పట్టుబట్టారు. వాడుకోకుండా ఉంచిన బొగ్గు ఎవరికి లాభమని 'ఏ' వాళ్లు అడిగారు. గనిలో కాంట్రాక్టు పని చేసే ఒకాయన కొడుకు లేచి అన్నాడు. "బొగ్గే ఉంచాలని ఏమున్నది? తవ్వినప్పుడల్లా పైసల్ల ఇంత పక్కకు పెట్టి, బొగ్గు అయిపోయినంక నడిచేది ఏదన్న కొనిపెట్టాలె. బడో, కార్ఖానో."

చివరికి రెండూ కలిపి రాసుకున్నారు. కొంత బొగ్గు ముట్టుకోకూడదు. తవ్విన దాంట్లోంచి కొంత వచ్చేవాళ్ల కోసం వేరే గళ్లు కొనిపెట్టాలి. గని గళ్లు మళ్లీ నింపి, ఆ నియమంతో బీ సెక్షన్ ఆడింది. ఆట మధ్యలో అదే పొడుగాటి అమ్మాయి నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"మేడం, సీ సెక్షన్ లేదు గదా. మేం మొత్తం తవ్వుకుంటె ఏమైతది?"

"వచ్చే ఏడు పిల్లలు రారా?"

ఆమె ముఖం ముడుచుకుంది. వెళ్లి తనవాళ్లతో గుసగుసలాడింది. ఆ గుసగుసల్లో ఒకడు, "వాళ్లెవ్వరో మనకెరుకనా?" అనడం నాకు వినిపించింది. అయినా ఆట అయ్యాక ఒక డబ్బాలో కొన్ని బొగ్గు ముక్కలు పెట్టి, మూత బిగించి, నా బీరువాలో పెట్టారు. వాటితోపాటు అట్ట మీద కొత్తగా రెండు గళ్లు, ఒక బడి, ఒక కార్ఖానా.

జూన్‌లో కొత్త బ్యాచి వచ్చింది. వాళ్లకు అట్ట పరిచి, డబ్బా చేతికిచ్చాను. మూత తీసి చూసిన అబ్బాయి ముక్కల్ని అరచేతిలో పోసుకుని, "గిన్నే పెట్టిండ్రా మేడం?" అన్నాడు.

"ఇన్ని పెట్టిండ్రు," అన్నాను. "ఇగ పాచిక తీస్కో."